‘ఇష్టపూర్వకంగా’ పెట్టిన సంతకం

సంపాదకుల వారికి నమస్కారం.

మార్చి 8న మీ జిల్లా పేజీ నిండా మహిళా దినోత్సవ సభల ఫొటోలు వేశారు. శాలువాలు, మొక్కలు, ముగ్గుల పోటీలు. అవి చూస్తుంటే మా తమ్ముడు కొనిచ్చిన పట్టుచీర గుర్తొచ్చింది. దాని సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

నాకు 1984లో పెళ్లయింది, మా చెల్లికి 1988లో. ఈ నాలుగేళ్ల తేడా చిన్నది కాదు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో తెచ్చిన చట్టం, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో పాటు కూతురికీ పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. ఆ తేదీకి ముందే పెళ్లయిన వాళ్లకు మాత్రం వర్తించదు. ఒకే తల్లి బిడ్డలం, చెల్లికి వాటా ఉంది, నాకు లేదు! 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించాక ఆ తేడా పోయింది. ఆ ఏడాది సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న మెలికను కూడా 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీసేసింది. చట్టంలో ఇప్పుడు ఆడపిల్లకు పెద్ద లోటు లేదు. లోటంతా ఆఫీసుల్లోనూ ఇళ్లలోనూ ఉంది.

నాన్న 2016లో పోయారు. పోయినవాళ్ల కుటుంబంలో ఎవరెవరున్నారో రాసి అధికారులిచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో అమ్మ పేరు, తమ్ముడి పేరు ఉన్నాయి, మా ఇద్దరివీ లేవు. ‘మీరు పెళ్లై వెళ్లిపోయారుగా అక్కా’ అన్నాడు. ఏడాది తిరక్కుండా పొలం బేరానికొచ్చింది. కొనేవాళ్ల లాయరు ఆడపిల్లల సంతకాలు లేనిదే కుదరదన్నాడట. అప్పుడు గుర్తొచ్చాం. కారు పంపించి మరీ తీసుకెళ్లారు.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఫొటో తీశారు, వేలిముద్రలు తీసుకున్నారు. ‘సంతకం మీదేనా?’ అని అడిగారు. అవునన్నాను. ఇంకేమీ అడగలేదు. నా పక్కన తమ్ముడు, వెనక బాబాయి, గుమ్మం దగ్గర కొనే మనిషి. నేను సంతకం పెట్టింది విడుదల పత్రం, అంటే వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం. అందులో ‘నా ఇష్టపూర్వకముగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా’ అని ఉంది. నాకు రావలసిన వాటా పూర్తిగా ముట్టిందని కూడా ఉంది. ముట్టింది పట్టుచీర, పసుపు కుంకుమ.

ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని నేను. 1948 నాటి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణంలో ‘మెన్’ అన్న మాట ఉండకూడదని, ‘హ్యూమన్ బీయింగ్స్’ అని ఉండాలని పట్టుబట్టి మార్పించింది మన దేశ ప్రతినిధి హంసా మెహతాయేనని ఏటా పిల్లలకు చెప్పేదాన్ని. ఆస్తి కలిగి ఉండే హక్కు ప్రతి మనిషికీ ఉందని అదే ప్రకటనలో 17వ అధికరణం. అన్నీ తెలిసీ సంతకం పెట్టాను. పెట్టకపోతే రేపు అమ్మకు బాగోలేకపోయినా కబురు రాదేమోనని టెన్షన్. పుట్టింటి గడప, వాటా రెండూ ఒకేసారి ఉండవని ఆడపిల్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

‘కట్నం ఇచ్చాంగా’ అంటారు. 1961 నుంచి ఇవ్వడమే నేరమైనదాన్ని వాటాగా ఎలా లెక్కేస్తారో నాకర్థం కాదు. పైగా నా కట్నం డబ్బుతో మా ఆడపడుచు పెళ్లి జరిగింది. ఆడపిల్లలు వాటా అడిగితే కుటుంబాలు విడిపోతాయన్నది ఇంకో మాట. గట్టు కోసం అన్నదమ్ములు కర్రలు పట్టుకున్నప్పుడు ఈ మాట ఎవరి నోటా రాదు.

రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్, రెవెన్యూ శాఖలకు నేను అడిగేది కొత్త చట్టం కాదు. విడుదల పత్రం రాసిచ్చే ఆడమనిషిని సబ్ రిజిస్ట్రార్ ఒక్కదాన్నే లోపలికి పిలవాలి. పత్రం చదివి వినిపించాలి. సర్వే నంబరు వారీగా మార్కెట్ విలువ ఆ ఆఫీసులోనే ఉంటుంది కదా, ఎంత వదులుకుంటున్నదో అంకె చెప్పాలి. ఆలోచించుకోవడానికి పదిహేను రోజులు గడువివ్వాలి. అప్పటికీ వదులుకుంటానంటే ఆమె ఇష్టం. ఫ్యామిలీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఆడపిల్లలెంతమందో అధికారులు విడిగా విచారించాలి. ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

దయచేసి నా పేరు వేయకండి. అమ్మ ఇంకా తమ్ముడి దగ్గరే ఉంటోంది.

— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు, గుంటూరు జిల్లా