సిటీ అటార్నీ గారూ, ఇంతకీ మీరు ఎవరి లాయరు?

గౌరవనీయులైన సిటీ అటార్నీ గారికి,

ఇంగ్లీషులో పెట్టుకున్న అర్జీలన్నీ మీ కార్యాలయంలో భద్రంగానే ఉండి ఉంటాయి. ఎవరూ కదిలించలేదు కదా! అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. మీరు చదవకపోయినా, కాలిఫోర్నియాలోని ఈ ఊళ్లో నగరం తరఫు లాయరుగా మీకు ఓటు వేసిన తెలుగువాళ్లయినా చదువుతారు.

నగరం మీద మా నాన్నగారు వేసిన నష్టపరిహారం క్లెయిమ్ సంగతి మీకు కొత్త కాదు. మా వీధి మలుపులో చెట్టు వేరు తన్ని ఫుట్‌పాత్ పలక ఒకవైపు లేచింది. ఆ అంచు పొడవునా సగం చెరిగిన తెల్లరంగు చార. పూసింది నగర సిబ్బందే. అంటే అక్కడ కాలు తగులుతుందని నగరానికి ముందే తెలుసు. తెలిసి చేసిన మరమ్మతు, ముగ్గు వేసినట్టు ఒక గీత గీసి వెళ్లిపోవడం. తెనాలి నుంచి మమ్మల్ని చూడడానికి వచ్చిన డెబ్బై దాటిన మనిషికి తెల్లవారుజామున ఆ గీత ఎక్కడ కనబడుతుంది? మణికట్టు విరిగింది. ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. విజిటర్ ఇన్సూరెన్సు ఇచ్చింది కొంత, మా చేతినుంచి పోయింది ఎక్కువ.

ఒంటికి దెబ్బ తగిలితే నగరం మీద క్లెయిమ్ వేయడానికి కాలిఫోర్నియా చట్టం ఇచ్చే గడువు 6 నెలలు. విజిటర్ వీసా మీద వచ్చినవారిని ఉండనిచ్చేదీ మామూలుగా 6 నెలలే. కట్టు విప్పకముందే ఫొటోలు, ఎక్స్‌రేలు, బిల్లులు జతచేసి ఆయన చేత ఎడమచేత్తో సంతకం పెట్టించాం. జవాబుగా ఒక పేజీ వచ్చింది. క్లెయిమ్ తిరస్కరించారట. కోర్టుకు వెళ్లాలంటే మళ్లీ 6 నెలలే గడువట. కారణం మాత్రం రాయలేదు. కింద, మీకు నచ్చిన న్యాయవాది సలహా తీసుకోవచ్చు, తీసుకునేటట్లయితే వెంటనే తీసుకోండి అని ఉంది. ఆ మాట చట్టం రాయమన్నదేనని నాకూ తెలుసు. అయినా, ఓటు వేసి గెలిపించుకున్న న్యాయవాది కార్యాలయమే మరో న్యాయవాదిని వెతుక్కోమంటే మనసుకు ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఫోను చేస్తే ఒకరు అది చాలా చిన్న లోపం అన్నారు. ఇంకొకరు ఫుట్‌పాత్ బాధ్యత పక్క ఇంటి యజమానిదన్నారు. చిన్న లోపమైతే రంగెందుకు పూశారు? యజమాని బాధ్యతైతే ఆ రంగు నగరం ఎందుకు పూసింది?

మా ఆంధ్రలో మునిసిపాలిటీ తరఫున వాదించే స్టాండింగ్ కౌన్సిల్ అనే న్యాయవాదికి ఎవరూ ఓటు వేయరు. కాబట్టి ఆయన దగ్గర మాకు ఆశలూ లేవు, అలకలూ లేవు. ఇక్కడ అలా కాదు. శాన్ డియాగోలో 1931 చార్టర్ (నగర మూల చట్టం) నుంచీ ఈ పదవికి ఎన్నికే. అక్కడ 2004లో గెలిచిన మైకేల్ అగిర్రే తాను ప్రజల లాయరునన్నారు. కాదు, సిటీ అటార్నీ కక్షిదారు నగర పాలక సంస్థే అని ఎదుటివాళ్లు వాదించారు. 2008లో ఆయన ఓడిపోయారు. మీరు మాత్రం తెలివిగా రెండు పడవల మీదా కాలు పెట్టారు. మోసం చేసే కంపెనీల మీద దావా వేసేటప్పుడు కాలిఫోర్నియా ప్రజల పేరిట వేస్తారు. ఎన్నికల కరపత్రంలోనూ ప్రజలే. ఆ ప్రజల్లో ఒకరు కాలు తగిలి పడితే మాత్రం మీ కక్షిదారు కార్పొరేషన్ అయిపోతుంది!

కార్పొరేషన్‌ను కాపాడవద్దని నేననడం లేదు. ఖజానా మాదే కదా. కానీ కౌన్సిల్ సమావేశంలో మేయరు దగ్గరే కూర్చుని సలహా ఇచ్చేదీ మీరే. ఎన్నుకున్నవారు కాబట్టి, మీ సలహా నచ్చలేదని కౌన్సిల్ మిమ్మల్ని తీసేయలేదు. ఆ ధైర్యం ఉండాలనే కదా మాకు ఓటు ఇచ్చింది! క్లెయిములు కొట్టేయడం కంటే పలకలు సరిచేయడం చవక అని ఒక్కసారి చెప్పారా? లాస్ ఏంజిలిస్ చెప్పించుకుంది, అదీ కోర్టు దాకా లాగించుకుని. నడవలేని వాళ్లు వేసిన విల్లిట్స్ కేసులో 30 ఏళ్లలో సుమారు 140 కోట్ల డాలర్లు ఫుట్‌పాత్‌ల మీద ఖర్చు పెడతామని 2015లో రాజీకి వచ్చింది. మనమూ అంతదాకా ఆగాలా?

దయచేసి నాన్నగారి ఫైలు మళ్లీ తెరిపించండి. తెరవడం కుదరదంటే కారణమైనా రాయండి. తెల్లరంగు పూసి వదిలేసిన చోట్ల జాబితా కౌన్సిల్ ముందు పెట్టించండి. ఎప్పటికి బాగుచేస్తారో తేదీ చెప్పించండి. తేదీ చెప్పలేకపోతే ఆ మాటే చెప్పండి. ఏదో ఒక జవాబు ఇవ్వండి, తిరస్కరణ పత్రం నకలు తప్ప. అది మా దగ్గర ఉంది.

ఇట్లు,
మీకు ఓటు వేసిన ఒక నగరవాసి