నీ భూర్జపత్రానికి బదులుగా

తిరుపతి

ఒరేయ్ మిత్రమా,

ఉత్తరకాశి అంగట్లో కొన్నానంటూ నువ్వు పంపిన భూర్జపత్రం, అదే ఆ హిమాలయ చెట్టు బెరడు ముక్క, నలగకుండా చేరింది. ఉల్లిపాయలా పొర మీద పొర లేస్తోంది. ఒక పొర మీద నీలి సిరాతో నా పేరు రాసుకున్నాను, భేషుగ్గా కుదిరింది. సున్నాకు చుక్క పెట్టిన ఆ పాత బఖ్షాలీ లెక్కల ప్రతి ఈ పట్ట మీదే ఉందట. మన దక్షిణాది వాళ్లకు తాటాకులే దిక్కయ్యాయి.

మీ చెట్టు గొప్పంతా బెరడులో ఉంటే, మా ఎర్రచందనం గొప్పంతా చేవలో, అంటే కాండం నడిమి గట్టి కొయ్యలో ఉంది. మొన్న ఆదివారం మామండూరు వైపు వెళ్లినప్పుడు దారి పక్కనే ఒకటి కనిపించింది. నల్లగా, గళ్లుగళ్లుగా పగిలిన బెరడు, అచ్చం మొసలి వీపు. దాని మీద ఎవరో పెట్టిన పాత గాటు, అందులో గడ్డకట్టిన ఎర్రటి జిగురు. చూడగానే ఒళ్లు జలదరించింది. కాయలు మాత్రం భలే ఉంటాయి. గుండ్రంగా, చుట్టూ పల్చటి రెక్క, నడుమ గింజ.

చందనమని పేరే గానీ వాసన ఉండదు. మంచిగంధం చెట్టుతో దీనికి చుట్టరికమే లేదు, ఇది వేగిస చెట్టుకు తోబుట్టువు. శేషాచలం, వెలిగొండ, పాలకొండ, లంకమల కొండల్లో, రాళ్లు తప్ప మట్టి కనిపించని వాలుల్లో పెరుగుతుంది. ఈ తూర్పు కనుమల దక్షిణపు కొస దాటితే అడవిచెట్టుగా ఇంకెక్కడా దొరకదు. చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. చైనాలో కుర్చీలకూ బల్లలకూ, జపాన్‌లో షామిసెన్ వాద్యానికీ ఈ చేవే కావాలట. ఆ గిరాకీయే దాని ప్రాణం మీదికి తెచ్చింది. 1995 నుంచి, అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న సైటిస్ ఒప్పందం దీని విదేశీ వ్యాపారాన్ని అదుపు చేస్తోంది. సొంత పొలంలో పెంచుకున్నా అటవీశాఖ అనుమతి లేనిదే కొట్టకూడదు.

మా ఇంట్లో ఉన్నదల్లా అవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఎర్రచందనపు మరపాచి బొమ్మల జంట, ఒక ఆడబొమ్మ, ఒక మగబొమ్మ. ఏటా దసరా బొమ్మల కొలువులో పై మెట్టు వాటిదే. ఆడబొమ్మకు పాదాలు ఉండవు. ఎవరికి సెగగడ్డ లేచినా, దెబ్బ తగిలి వాచినా, అవ్వ ఆ బొమ్మనే సాన మీద నీళ్లతో అరగదీసి పట్టు వేసేది. అలా ముప్పై నలభై ఏళ్లలో అమ్మవారు చీలమండల దాకా వైద్యంలో కరిగిపోయింది. మగబొమ్మను మాత్రం ముట్టుకునేది కాదు, ఎందుకో అడగాలని అప్పుడు తోచలేదు.

నిన్న మా చిన్నది ఆ బొమ్మను నీళ్ల బకెట్టులో వేసింది. కొయ్య కదా, తేలుతుందనుకుంది. రాయిలా బుడుంగున మునిగింది. పిల్ల బిత్తరపోయి నా వైపు చూసింది. నీళ్ల రంగు అంతగా మారలేదు. ఈ ఎరుపు నీళ్లలో సరిగా దిగదు, సారాయిలో అయితే బాగా దిగుతుందట. నీకు ఈ సంగతి చెప్పకుండా ఉండాల్సింది.

బదులుగా చెక్కముక్క పంపమని అడగకు, ఇద్దరం జైల్లో కలుసుకోవాల్సి వస్తుంది. ఈ కాగితం అడుగున ఉన్న ఎర్రటి ముద్ర సిరా కాదు. అవ్వ సాన మీద ఆ బొమ్మనే కాస్త అరగదీసి నా బొటనవేలు అద్దాను. ముక్కు దగ్గర పెట్టుకోకు, ఏ వాసనా రాదు.

నీ పాత స్నేహితుడు