గువ్వల లెక్క: మన కాలనీ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ముందు చిన్న సంగతులు. వీధిలైట్లు బాగయ్యాయి. చందాలు దాదాపు అందరూ కట్టారు, లెక్కల పుస్తకం కోశాధికారి దగ్గరుంది, ఎప్పుడైనా చూసుకోవచ్చు. ఈ ఏడాది మనం ఎక్కువగా తిరిగింది మాత్రం గువ్వల వెంట, అందుకే మిగతాదంతా వాటి గురించే.

పోయినేడు ఫిబ్రవరిలో జరిగే నాలుగు రోజుల పక్షుల లెక్కింపులో కనబడిన ప్రతి గువ్వనూ రకం చూడకుండా 'బెళ్లగువ్వ' అని రాసేశాం. ఆ పుస్తకం ఇప్పుడు దేనికీ పనికిరాదు. రాసింది నేనే, కాబట్టి ఎవరినీ అనేది లేదు. ఈసారి ఒక్కటే నియమం పెట్టుకున్నాం: మెడ చూడనిదే పేరు రాయకూడదు.

మన మిద్దెల మీద, నీళ్ల ట్యాంకుల పక్కన తిరిగేది ఎక్కువగా చిన్న గువ్వ. పొడవు 25 సెంటీమీటర్లకు అటూ ఇటూ. మెడ వెనక పట్టీ ఉండదు. గొంతు కింద ఆవాలు చల్లినట్టు నల్లచుక్కలు, రెక్క అంచున నీలం కలిసిన బూడిదరంగు. కూత నవ్వినట్టుంటుందని ఇంగ్లీషువాళ్లు లాఫింగ్ డవ్ అన్నారు. మా అవ్వ మాత్రం "నవ్వేందిరా, పొలమారినట్టుంటే" అంటుంది. 1766లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ దీని శాస్త్రీయ నామంలో సెనెగల్ పేరు చేర్చాడు. కర్నూలు గువ్వకు ఆఫ్రికా ఇంటిపేరన్నమాట.

కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) గట్టున కరెంటు తీగల మీద కూర్చునేది ఇంకోటి, ఇంగ్లీషులో కాలర్డ్ డవ్. ఇది పెద్దది, 32 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. లేత బూడిదరంగు ఒళ్లు, మెడ వెనక కాటుకతో గీసినట్టు నల్లటి అరపట్టీ. కూత మూడు ముక్కలు, నడిమిది సాగుతుంది. ఎర్ర గువ్వ వీటన్నిటికంటే చిన్నది. మగదైతే ఇటుకరంగు ఒళ్లు, బూడిదరంగు తల, ఇట్టే తెలిసిపోతుంది. ఆడదానితోనే టెన్షన్. దానికీ పట్టీ ఉంటుంది, రంగేమో మట్టిరంగు. ఒక ఆదివారం గట్టు మీద ఇద్దరు సభ్యులు అది ఏదో తేల్చుకునేలోపే ఎగిరిపోయింది. 'పట్టీ ఉంది, పేరు తేలలేదు' అని రాశాం. పుస్తకం మొత్తంలో నాకు నచ్చిన మాట అదే.

ఎండాకాలంలో ఒక సభ్యురాలి మిద్దె మీద మోటారు స్విచ్‌బోర్డు పైన చిన్న గువ్వ గూడు పెట్టింది. గూడంటే నాలుగు పుల్లలు, అంతే. కిందినుంచే రెండు తెల్లగుడ్లు కనిపించేవి. ఆడా మగా వంతులేసుకుని రెండు వారాలు పొదిగాయి. ఆ రెండు వారాలూ ఆ ఇంట్లో మిద్దె మీద బట్టలారేయలేదు. పిల్లలు పుట్టిన మొదటి రోజుల్లో గింజలు పెట్టవు, గొంతు సంచిలో ఊరే పాలలాంటిది తాపుతాయి. పక్కనే పెట్టిన మట్టిమూకుడులో గువ్వ ముక్కు ముంచి, తల ఎత్తకుండానే గటగటా తాగడం కాలనీ పిల్లలే ముందు గమనించారు. గోరింక గుక్క గుక్కకూ తల పైకెత్తాల్సిందే.

వేపచెట్టు మీది గూడు మాత్రం దక్కలేదు. తీగలకు అడ్డమని కొమ్మలు కొట్టడానికి వచ్చినవాళ్లకు మనలో ఎవరమూ ముందుగా చెప్పలేదు.

వచ్చే ఏడాది నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యానికి ఒక రోజు వెళ్దామని అనుకుంటున్నాం. బైనాక్యులర్ మూత ఒకటి గట్టు మీద పడిపోయింది, దొరికినవారు కోశాధికారికి ఇవ్వగలరు.

కార్యదర్శి