ముందు ఆసుపత్రి చూసుకో, ఆ తర్వాతే పాలసీ

నెల్లూరు,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ రవీ,

పెద్దమ్మ హెల్త్ ఇన్సూరెన్స్ కోసం నువ్వు పంపిన మూడు కొటేషన్లూ, మీ కంపెనీ పాలసీ కాగితాలూ ప్రింట్ తీయించి చిన్న అక్షరాలతో సహా చదివాను. పొద్దున కోవూరు వెళ్లి మీ అమ్మానాన్నల్ని, అదే పెదనాయననీ పెద్దమ్మనీ చూసొచ్చాను కూడా. ఇదంతా ఫోన్లో చెబితే సగం నేను వదిలేస్తాను, సగం నువ్వు మర్చిపోతావు. అందుకే ఉత్తరం. తీరిగ్గా చదువు.

"మూడింట్లో ఏది చవక?" అని అడిగావు. అక్కణ్ణుంచి మొదలుపెట్టొద్దురా. అర్ధరాత్రి పెద్దమ్మకి గుండెల్లో నొప్పి వస్తే మనం ఎక్కడికి తీసుకెళ్తాం? ముందు పెన్నా బ్రిడ్జి దాటి నెల్లూరు. పొగతోటలో ఏదో ఒక ఆసుపత్రిలో చేరుస్తాం. ఇక్కడ కాదన్నారనుకో, మద్రాసు. తాతల కాలం నుంచీ మనవాళ్లకి అదే దారి. కాబట్టి నెల్లూరులో రెండు, మద్రాసులో రెండు ఆసుపత్రుల పేర్లు ముందు రాసుకో. వాటిలో ఏ పాలసీకి క్యాష్‌లెస్ ఉందో, అంటే మనం ముందు డబ్బు కట్టకుండా కంపెనీయే ఆసుపత్రికి కట్టేస్తుందో చూడు. కంపెనీ వెబ్‌సైట్ లిస్టులో పేరున్నంత మాత్రాన నమ్మొద్దు, ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్‌ని నేరుగా అడగాలి. నెల్లూరు సంగతి నేను కనుక్కుంటాను, మద్రాసువి నువ్వు ఫోన్ చేసి కనుక్కో.

ఇంకోటి చూడు. కొన్ని పాలసీల్లో ఊళ్లని జోన్లుగా విడగొడతారు. నెల్లూరు అడ్రసుతో తీసుకుంటే ప్రీమియం తక్కువ పడుతుంది, కానీ మద్రాసులాంటి పెద్ద ఊళ్లో వైద్యం చేయించుకుంటే బిల్లులో ఇంత శాతం మనమే కట్టాలని లోపలెక్కడో రాసి ఉంటుంది. నీ మొదటి కొటేషన్లో ఈ షరతు ఉందో లేదో స్పష్టంగా లేదు. ఏజెంటుని నోటితో కాదు, మెయిల్లో అడుగు.

పెదనాయన విషయం సులువు. ఆయనకి స్టెంట్ ఉంది, 70 దాటాయి. ప్రైవేటు కంపెనీలు అయితే వద్దంటాయి, లేకపోతే ప్రీమియం బాగా పెంచేస్తాయి. కానీ 2024 అక్టోబరు 29 నుంచి కేంద్రం 70 ఏళ్లు నిండిన అందరికీ ఆయుష్మాన్ భారత్ వర్తింపజేసింది. ఆయుష్మాన్ వయ వందన కార్డు అంటారు. ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు ఇస్తారు. దీనికి ఆదాయం చూడరు. కొడుకు పూణేలో ఉద్యోగం చేస్తున్నాడా, పొలం ఎంతుంది అని అడగరు. పాత జబ్బులకీ మొదటి రోజు నుంచే పనిచేస్తుంది, ఇన్నాళ్లు ఆగాలనే వెయిటింగ్ పీరియడ్ లేదు. ప్రైవేటు పాలసీ ఉన్నా ఇది తీసుకోవచ్చు. ఆధార్ ఒక్కటి చాలు. యాప్‌లో చేసుకోవచ్చు, లేదా పథకంలో ఉన్న ఆసుపత్రికి వెళితే వాళ్లే చేసిపెడతారు.

పొద్దున పెదనాయన ఆధార్ కార్డు తీసి చూశాను. పుట్టిన తేదీ 01-01-1953 అని ఉంది, మన ఊళ్లో పెద్దవాళ్లందరికీ వేసినట్టే. అసలు వయసు రెండేళ్లు ఎక్కువేనంటాడు ఆయన. ఏదైనా కానీ, ఆధార్లో ఉన్నదే లెక్క, దాని ప్రకారం చూసినా 70 దాటాయి కాబట్టి ఇబ్బంది లేదు. "ప్రభుత్వం కార్డుతో వెళితే సరిగ్గా చూడరేమో" అని కాస్త నసిగాడు. ఆయన భయం తీసిపారేసేది కాదు. పథకంలో అన్ని ఆసుపత్రులూ ఉండవు, ఉన్నచోట కూడా అన్ని విభాగాలూ ఉండకపోవచ్చు. గుండెకి సంబంధించిన వైద్యం ఆ కార్డు మీద ఎక్కడ చేస్తున్నారో ఇప్పుడే కనుక్కుని ఉంచుకుంటే ఆ రోజు టెన్షన్ ఉండదు. మద్రాసులో అయినా, పథకంలో చేరిన ఆసుపత్రి అయితే ఈ కార్డు చెల్లుతుంది. పెద్దమ్మకి 70 వచ్చాక ఆ 5 లక్షలూ ఇద్దరికీ కలిపే అని గుర్తుపెట్టుకో.

ఇక మీ కంపెనీ పాలసీ. "అమ్మానాన్నలకి 5 లక్షలు ఉంది కదా, మళ్లీ ఇంకోటి దేనికి?" అన్నావు. అది మంచి పాలసీయే. షుగర్, బీపీ, స్టెంట్ అన్నీ మొదటి రోజు నుంచే కవర్ అవుతున్నాయి. ఉన్నన్నాళ్లు వదులుకోవద్దు. కానీ అది నీ ఉద్యోగానికి కట్టిన పాలసీ, పెద్దమ్మకి కట్టింది కాదు. రేపు నువ్వు ఉద్యోగం మారితే, కొత్త కంపెనీ తల్లిదండ్రులకి ఇవ్వకపోతే? అప్పటికి పెద్దమ్మకి 69 అనుకో, ఆ రోజు కొత్తగా పాలసీ తీసుకుంటే పాత జబ్బుల వెయిటింగ్ పీరియడ్ మొదటి నుంచి లెక్కపెడతారు. 2024 నుంచి అది గరిష్ఠంగా 36 నెలలు, అంతకుముందు 48 ఉండేది. ఆ మూడేళ్లు ఎప్పుడో ఒకప్పుడు గడవాల్సిందే కదా. కంపెనీ పాలసీ అండగా ఉన్నప్పుడే గడిచిపోనీ. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదొక్కటే.

65 దాటితే ఎవరూ ఇవ్వరు అనేది పాత మాట. ఆ వయసు పరిమితిని 2024 ఏప్రిల్లో తీసేశారు. అయితే ఆరోగ్య పరీక్షలు చేయించి కాదనే హక్కు కంపెనీకి ఉంటుంది. అందుకని పెద్దమ్మకి షుగర్ అదుపులో ఉన్న ఇప్పుడే అడగాలి.

నీ రెండో కొటేషన్ పక్కన పెట్టెయ్. నీ భార్యాపిల్లల ఫ్లోటర్లోనే, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే మొత్తం ఉండే పాలసీలోనే, పెద్దమ్మని కలుపుతున్నాడు. ఫ్లోటర్లో ప్రీమియం అందరికంటే పెద్దవాళ్ల వయసుని బట్టి పడుతుంది. పెద్దమ్మకి క్లెయిమ్ వస్తే పిల్లలకి మిగిలేదీ తగ్గుతుంది. ఆమెకి విడిగానే తీసుకో.

మొదటిది చవక, నిజమే. మూడోదానికంటే ఏడాదికి 14 వేలు తక్కువ. కానీ అందులో గది అద్దె మీద 1 శాతం పరిమితి, 20 శాతం కోపే (ప్రతి క్లెయిమ్‌లో మనం కట్టాల్సిన వాటా) ఉన్నాయి. లెక్క వేసి చూపిస్తా, ఓపిగ్గా చూడు. 5 లక్షల పాలసీకి 1 శాతం అంటే గదికి రోజుకి 5,000. మద్రాసులో 10,000 గదిలో నాలుగు రోజులున్నారనుకో. మొత్తం బిల్లు 3 లక్షలు: గదికి 40 వేలు, డాక్టర్లు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్‌కి 1 లక్షా 60 వేలు, మందులకీ పరీక్షలకీ లక్ష. గదిలో సగమే ఇస్తారు, అంటే 20 వేలు. చాలామందికి తెలియనిది ఇక్కడుంది. గది పరిమితి దాటినందుకు డాక్టర్లు, థియేటర్ ఖర్చులో కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. 1,60,000 కాస్తా 80,000 అవుతుంది. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద మాత్రం ఆ కోత పెట్టకూడదు. మొత్తం 2 లక్షలు తేలింది. అందులోంచి మళ్లీ 20 శాతం కోపే పోతే చేతికొచ్చేది 1,60,000. మిగతా 1,40,000 నీ జేబులోంచే. ఒక్కసారి ఆసుపత్రికి వెళితే పదేళ్ల పాటు మిగిల్చిన ప్రీమియం తేడా పోయినట్టే. మా బాబాయి ప్రోస్టేట్ ఆపరేషన్ అప్పుడు ఇట్టాగే కోసేశారు. డిశ్చార్జి రోజు బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడి పిన్ని గాజులు తీసి ఇవ్వబోయింది. నాకది ఇప్పటికీ మింగుడుపడదు.

అందుకే మూడోదానికి నా ఓటు. గది పరిమితి లేదు, కోపే లేదు. కంటి శుక్లాలు, మోకీలు మార్పిడిలాంటి వాటికి రెండేళ్లు ఆగాలి, షుగర్ బీపీలకి మూడేళ్లు. ఆగుదాం. పెద్ద మొత్తం కావాలంటే తర్వాత 5 లక్షల డిడక్టిబుల్‌తో సూపర్ టాప్-అప్ కలుపుకోవచ్చు, అంటే మొదటి 5 లక్షలు దాటిన ఖర్చు మాత్రమే ఇచ్చే పాలసీ, అది తక్కువలో వస్తుంది. కానీ ఒట్టి టాప్-అప్ మీద ఆధారపడొద్దు. కంపెనీ పాలసీ పోయిన రోజు మొదటి 5 లక్షలూ నువ్వే పెట్టుకోవాలి.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఏజెంటు "షుగర్ ఉందని రాయొద్దు సార్, ప్రీమియం పెరుగుతుంది" అన్నాడన్నావు. వినొద్దురా, బతిమాలుతున్నా. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు ఏమవుతుందో తెలుసు కదా. డ్యూటీ డాక్టరు "షుగర్ ఎన్నాళ్లుగా ఉందమ్మా?" అంటాడు, పెద్దమ్మ ఉన్నదున్నట్టు "ఎనిమిదేళ్లుగా నాయనా" అంటుంది. అది కేస్ షీట్లో మొదటి లైన్లోకి ఎక్కుతుంది. పాలసీ వాళ్లు ముందు చూసేది ఆ లైనే. దాచిపెట్టారని క్లెయిమ్ తోసిపుచ్చుతారు, పాలసీనే రద్దు చెయ్యొచ్చు. ఐదేళ్లు వరసగా కట్టాక మోసం అని రుజువైతే తప్ప పాత వివరాలు తవ్వకూడదనే రూలు ఉంది, కానీ ఆ ధైర్యంతో అబద్ధం రాయకూడదు. షుగర్, బీపీ, వేసుకునే మాత్రలు, అప్పట్లో చేయించిన గర్భసంచి ఆపరేషన్ అన్నీ రాయించు. ప్రపోజల్ ఫారం సంతకానికి ముందు నాకు పంపు. పెద్దమ్మ మందుల చీటీలన్నీ బట్టల షాపు కవర్లో దాచి పెట్టుకుంది. వరసగా ఫోటోలు తీసుకున్నాను, రాత్రికి పంపుతా.

చిన్న విషయాలు కొన్ని. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. నీ మొదటి కొటేషన్ పాతది, అందులో 18 శాతం కలిపే ఉంది, తీయించి కొత్తది తెప్పించు. ఆదాయపు పన్ను పాత విధానంలో ఉంటే 60 దాటిన తల్లిదండ్రుల ప్రీమియానికి 50 వేల దాకా మినహాయింపు, నగదు మాత్రం కట్టొద్దు. 60 దాటినవాళ్లకి ఏడాదికి 10 శాతానికి మించి ప్రీమియం పెంచాలంటే కంపెనీ ముందు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐతో సంప్రదించాలి. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చెయ్యొచ్చు. ఆ 30 రోజుల్లోనే నేను చదివి చెబుతాను.

నెలనెలా షుగర్ మాత్రల ఖర్చు మాత్రం ఇవేవీ ఇవ్వవు. జనౌషధి షాపులో తెచ్చిస్తే సగానికి సగం తగ్గుతుందని పెద్దమ్మకి చెప్పాను, డాక్టర్ని ఒకమాట అడిగి మారుద్దాం.

పెద్దమ్మకి మార్చిలో 66 నిండుతాయి. వయసు పెరిగితే ప్రీమియం మారుతుంది కాబట్టి ఈలోపే తేల్చెయ్. బుధవారం పెదనాయనని కార్డు కోసం నేనే తీసుకెళ్తున్నా. ఆధార్‌కి లింక్ చేసిన ఫోన్ నంబరు నీదేనట, ఓటీపీ నీకొస్తుంది. పదిన్నర నుంచి పన్నెండు దాకా మీటింగులు పెట్టుకోకుండా ఫోన్ దగ్గరే ఉండు.

నీ
సుబ్బు