పొట్టి రివాల్వర్ కొనేముందు ఒర సంగతి చూడండి

సంపాదకుల వారికి,

అయ్యా,

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఆత్మరక్షణకని ఆయుధ లైసెన్సు తీసుకునేవాళ్లలో నగల వ్యాపారులున్నారు, గ్రానైట్ క్వారీల వాళ్లున్నారు, మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీలకు, మండీలకు మధ్య రొక్కం పట్టుకుని తిరిగేవాళ్లున్నారు. కాగితం కోసం కలెక్టరేట్ చుట్టూ, పోలీసు విచారణల చుట్టూ నెలల తరబడి తిరుగుతారు. తీరా లైసెన్సు చేతికొచ్చాక తుపాకీ ఎంచుకోవడానికి అరగంట కూడా పెట్టరు. "చిన్నదివ్వండి, జేబులో పట్టేది" అంటారు, బేరం అక్కడితో అయిపోతుంది. అమ్మేవాడు కూడా అద్దాల బీరువాలోంచి తీసి చూపిస్తాడే గాని, దాన్ని ఏ ఒరలో, ఏ బెల్టుకు, ఏ బట్టల మీద కట్టుకుంటారని అడగడు. అసలు అడగాల్సింది అదే.

ముందు ఎంపిక సంగతి. మన దేశంలో మామూలు పౌరుడికి దొరికే రివాల్వర్ దాదాపుగా .32 బోరే (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు). .38, 9 ఎం.ఎం. లాంటివి మామూలు పౌరులకు ఇవ్వని నిషిద్ధ బోర్లు. విదేశీ తుపాకుల దిగుమతి 1980ల నడిమి కాలం నుంచి సామాన్యులకు మూసుకుపోయింది కాబట్టి, చేతులు మారుతూ వచ్చిన పాత సీమ (విదేశీ) తుపాకీ ఒకటి, కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారం సరుకు ఒకటి, ఈమధ్య వచ్చిన ప్రైవేటు కంపెనీల తయారీ ఒకటి, ఇవే దారులు. కాన్పూర్ పాత నమూనా సుమారు 700 గ్రాములు, గొట్టం మూడంగుళాలు. 2014లో ఆడవాళ్ల కోసమని తెచ్చిన 'నిర్భీక్' 500 గ్రాములే, అప్పట్లో ధర 1.22 లక్షలు. 2023లో వచ్చిన 'ప్రబల్' మళ్లీ 700 గ్రాముల దగ్గరే ఉంది, సిలిండర్ (తూటాలు కూర్చునే గదులున్న చక్రం) పక్కకు తెరుచుకుంటుంది. .22 బోరు 'నిదర్' 250 గ్రాములు. చేతిలో పెట్టుకుంటే బొమ్మలా ఉంటుంది. కానీ .22 తూటాలో మంటపుట్టే మందు అంచు చుట్టూ ఉంటుంది, ఆ రకం తూటాలు పేలకుండా తప్పడం .32 కంటే ఎక్కువ. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడాల్సిన దానికి ఇది చిన్న లోపం కాదు.

బరువు తగ్గితే నడుముకు హాయి, మణికట్టుకు బాధ. అంతకంటే పెద్ద చిక్కు ట్రిగ్గర్ దగ్గర ఉంది. హామర్ ఎక్కించకుండా, అంటే తూటాను కొట్టే వెనక సుత్తిని ముందుగా వెనక్కి లాగి నిలపకుండా, నేరుగా ట్రిగ్గర్ లాగితే వేలు మోయాల్సిన బరువు సాధారణంగా నాలుగున్నర నుంచి ఐదున్నర కిలోలు. అరకిలో తుపాకీ మీద ఐదు కిలోల లాగుడు పడితే మూతి పక్కకు జరగకుండా ఎలా ఉంటుంది? కొత్తవాళ్ల గుళ్లు లక్ష్యానికి కిందగా, పక్కగా పోవడానికి అసలు కారణం ఇదే. పైగా గొట్టం పొట్టిదైతే గురి చూసే గుర్తులు, అంటే ముందు సైటు, వెనక సైటు దగ్గరపడతాయి. రెంటి మధ్య దూరం 100 మి.మీ. అనుకుందాం. ముందు సైటు ఒక్క మి.మీ. పక్కకు జరిగితే పది మీటర్ల దూరంలో గుండు పది సెంటీమీటర్లు తప్పుతుంది. అదే దూరం 150 మి.మీ. ఉంటే తప్పు ఏడు సెంటీమీటర్ల లోపే. పొట్టి రివాల్వర్ నేర్చుకునేవాడి ఆయుధం కాదని చెప్పడానికి ఈ లెక్క చాలు. గొట్టం రెండంగుళాలా, మూడంగుళాలా అని ఊగిసలాడేవాళ్లు మూడంగుళాలదే తీసుకోవాలి. ఆ అంగుళం ఒరలో పెట్టాక ఎవరికీ కనిపించదు, గురిలో మాత్రం కనిపిస్తుంది.

కొనే ముందు కొట్టులోనే కొన్ని చూసుకోవచ్చు. తుపాకీ ఖాళీ అని మీ కళ్లతో చూసి, మీ వేలితో సిలిండర్ గదులన్నీ తడిమి, ఆ తర్వాతే చేతిలోకి తీసుకోండి. పిడి పట్టుకుని తుపాకీని ముంజేతికి వరుసలో పెడితే చూపుడువేలు మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి రావాలి. వేలి కొస మాత్రమే అందితే ఆ పిడి మీ చేతికి పెద్దది. చిటికెన వేలు గాల్లో వేలాడుతుంటే పిడి చిన్నది, పేలినప్పుడు తుపాకీ అరచేతిలో తిరుగుతుంది. యజమాని ఒప్పుకుంటే హామర్ ఎక్కించి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని, హామర్ను బొటనవేలితో నెమ్మదిగా దించి, ట్రిగ్గర్ వదలకుండానే సిలిండర్‌ను అటూ ఇటూ కదిపి చూడండి. కొంచెం కదలిక సహజం. వదులుగా ఆడితే గది, గొట్టం సరిగ్గా కలవడం లేదు, పేలినప్పుడు సీసం తునకలు పక్కకు చిమ్ముతాయి. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందు వెలుతురులో సన్నని గీతలా కనిపించాలి. మిల్లీమీటరులో పదో వంతు, రెండు పదో వంతుల దగ్గర. ఆ సందులోంచి వేడి వాయువు కోసుకుంటూ వస్తుంది కాబట్టి పిస్తోలు పట్టినట్టు ఎడమచేతి బొటనవేలు ముందుకు చాపి పట్టుకునే అలవాటు రివాల్వర్‌కు పనికిరాదు.

తూటాల దగ్గర ఒక పొరపాటు పదేపదే జరుగుతోంది. .32 రివాల్వర్ తూటా వేరు, .32 పిస్తోలు తూటా వేరు. మొదటిది అంచు ఉన్న ఎస్ అండ్ డబ్ల్యు లాంగ్, రెండోది 7.65 మి.మీ. బ్రౌనింగ్. పెట్టె మీద '.32' అని చూసి తెచ్చుకుంటే పిస్తోలు తూటా కొన్ని రివాల్వర్ల గదిలో కూర్చుంటుంది కూడా. కూర్చుంది కదా అని పేల్చకూడదు. పెట్టె మీద 'రివాల్వర్' అని ఉందో లేదో చదివి తీసుకోండి.

ఇక తెరిచే తీరు. పక్కకు తెరుచుకునే పొట్టి రివాల్వర్లలో ఖాళీ కేసులను (కాల్చాక మిగిలే తూటా డొల్లలను) తోసే కడ్డీ కూడా పొట్టిదే. అందుకని కేసులు పూర్తిగా బయటికి రాక సగంలో ఆగుతాయి. మూతి పైకెత్తి, అరచేత్తో కడ్డీని ఒక్కసారిగా, గట్టిగా కొడితేనే రాలతాయి. నెమ్మదిగా ఒత్తితే పని జరగదు. విరిచి తెరిచే కాన్పూర్ పాత నమూనాకు ఈ ఇబ్బంది లేదు. గొట్టం వంచగానే నక్షత్రం ఆకారంలో ఉన్న ఎక్స్‌ట్రాక్టర్ ఆరు కేసులనూ ఒకేసారి లేపుతుంది. దాని జబ్బు వేరు. భయం భయంగా, నెమ్మదిగా తెరిస్తే ఒక కేసు జారి నక్షత్రం కిందికి పోతుంది, తుపాకీ మూతపడదు. అప్పుడు నక్షత్రాన్ని వేలితో పైకి పట్టి, కేసును గోటితో లాగాలి. ప్రాణం మీదికి వచ్చిన వేళ అది అయ్యే పని కాదు. కాల్చాక మందు రవ్వలు ఆ నక్షత్రం కింద చేరినా అంతే, సిలిండర్ బిగుసుకుంటుంది. పాత పళ్ల బ్రష్ ఒకటి పెట్టెలో ఉంచుకుంటే చాలు, ఖరీదైన సామాను అక్కర్లేదు.

ఇప్పుడు ఒర. 2016 నాటి ఆయుధ నిబంధనలు చేతి తుపాకీని బహిరంగ ప్రదేశంలో ఒరలోనో, అలాంటి సంచిలోనో, పూర్తిగా కప్పి, మోసేవాడి అదుపులో ఉండేలా తీసుకెళ్లాలని చెబుతున్నాయి. జేబులో ఉత్తగా వేసుకోవడం, లుంగీ మడతలో దోపుకోవడం, స్కూటర్ డిక్కీలో పెట్టి టీ తాగడానికి పోవడం, ఇవన్నీ నిబంధనకు అవతలివే. మన దగ్గర దొరికే రివాల్వర్లలో ఎక్కువ వాటికి హామర్ కొమ్ము బయటికి ఉంటుంది. జేబులోంచి లాగేటప్పుడు అది బట్టకు తగులుకుంటుంది. జేబులో తాళంచెవి ఉంటే అది ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీలో, అంటే ట్రిగ్గర్ గార్డులో, దూరుతుంది. తక్కిన కథ ఊహించుకోవచ్చు.

మంచి ఒర అంటే అందమైన తోలు అని కాదు. ట్రిగ్గర్ గార్డు మొత్తం మూసుకోవాలి. తుపాకీ తీశాక కూడా ఒర నోరు తెరిచే ఉండాలి, ముడుచుకుపోయే మెత్తని గుడ్డ ఒరల్లోకి తిరిగి పెట్టేటప్పుడు రెండో చేయి అడ్డం వస్తుంది, మూతి ఆ చేతి వైపే చూస్తుంది. పైన బొటనవేలితో ఊడే పట్టీ ఉండాలి. మోటార్ సైకిల్ మీద భాకరాపేట ఘాట్ గుంతల్లో ఎగిరెగిరి పడేటప్పుడు ఆ పట్టీ విలువ తెలుస్తుంది. బెల్టు ఒకటిన్నర అంగుళం వెడల్పు, వంగని మందం ఉండాలి, ఒర చీలికలు ఆ బెల్టుకు సరిపోవాలి. పలచని ఫ్యాన్సీ బెల్టుకు కడితే పిడి బయటికి వాలి, చొక్కా కింద మూపురంలా పొడుచుకొస్తుంది. పంచె కట్టే పెద్దమనుషులకు ఒకటే మాట: బెల్టు లేని రోజు తుపాకీ ఇంట్లోనే.

తుంటి ఎముక మీద కాకుండా దానికి కాస్త వెనగ్గా కడితే కూర్చున్నా లేచినా గుచ్చుకోదు. కారులో మాత్రం సీటు బెల్టు బకిల్ అక్కడే వస్తుంది, ముందే సర్దుకోవాలి. ప్రమాదాలు తీసేటప్పటికంటే తిరిగి పెట్టేటప్పుడే ఎక్కువ జరుగుతాయి. చొక్కా కొస, జాకెట్ తాడు ట్రిగ్గర్ గార్డులో ఇరుక్కుంటుంది, మనం కిందికి నెడతాం, అది ట్రిగ్గర్‌ను లాగుతుంది. కాబట్టి చొక్కాను ఎడమచేత్తో పక్కకు తీసి, ఒరను కళ్లతో చూస్తూ, కుడి బొటనవేలు హామర్ వీపు మీద ఆనించి నెమ్మదిగా దించండి. ట్రిగ్గర్ కదిలితే హామర్ లేస్తుంది, బొటనవేలికి వెంటనే తెలుస్తుంది. పిస్తోళ్లలో చాలావాటికి లేని ఈ సౌకర్యాన్ని రివాల్వర్ మోసేవాళ్లే వాడుకోరు.

హామర్ ఎక్కించి మోయడమనే మాటే వద్దు. పాత సీమ తుపాకీ అయితే, దెబ్బ తగిలినా హామర్ ప్రైమర్‌ను (తూటా అడుగున నిప్పు పుట్టించే బిళ్లను) తాకకుండా ఆపే అడ్డు లోపల ఉందో లేదో తెలిసినవాడి చేత చూపించుకోండి. తెలియనప్పుడు ఐదు తూటాలే నింపి, హామర్ కింది గది ఖాళీగా ఉంచాలి.

మన ఎండల్లో చెమట తుపాకీకి పెద్ద శత్రువు. ఒర ఎంత మంచిదైనా రాత్రికి అందులో ఉంచకూడదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, దాన్ని పదును చేసిన రసాయనాలు ఇత్తడి తూటాల మీద పచ్చగా పేరుకుంటాయి. ఇంటికి రాగానే గుడ్డతో తుడిచి, పలచగా నూనె రాసి, ఇనప బీరువాలో తాళం వేసి, తూటాలు వేరే తాళంలో పెట్టండి. నూనె పలచగా అన్నాను. ధారగా పోస్తే అది ప్రైమర్లలోకి దిగి తూటా చచ్చిపోతుంది. ఏడాది పొడుగునా నడుముకు మోసిన తూటాలను రేంజిలో కాల్చేసి కొత్తవి నింపుకోవడం మేలు. కాల్చేటప్పుడు 'టప్' అని సగం శబ్దమే వస్తే వెంటనే ఆపండి. గుండు గొట్టంలోనే ఉండిపోయి ఉండొచ్చు, వెనక ఇంకోటి పేలిస్తే గొట్టం పగులుతుంది. అసలు పేలకపోతే మూతి భద్రమైన దిక్కుకు పెట్టి అర నిమిషం ఆగండి, మందు ఆలస్యంగా అంటుకునే సందర్భాలుంటాయి.

ఎక్కడికి తీసుకెళ్లకూడదో లైసెన్సు షరతుల్లోనే ఉంది, చదివేవాళ్లే తక్కువ. ప్రత్యేక అనుమతి లేకుండా జాతరకు, మత ఊరేగింపుకు, బహిరంగ సభకు, విద్యాసంస్థ ఆవరణలోకి ఆయుధం తేకూడదు. అంటే తిరుపతి గంగమ్మ జాతర వారం, కాణిపాకం ఉత్సవాలు, పిల్లల కాలేజీ ఫంక్షన్, అన్నీ అందులోకే వస్తాయి. తిరుమల కొండ మీదికి సరేసరి, అలిపిరిలోనే తనిఖీ ఉంది. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చే సరదా ఉన్నవాళ్లకు: ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఎవరి ప్రాణానికైనా ముప్పు కలిగేలా అలా కాలిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే సవరణతో ఒకరి దగ్గర ఉండదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

ఆ ఐదేళ్ల గడువు వల్లే జిల్లా అధికారులకు ఈ విన్నపం. ఐదేళ్లపాటు తుపాకీ మోసే మనిషిని మధ్యలో ఎవరూ చూడరు. రెన్యువల్ రోజున కాగితాలు, తుపాకీ నంబరు చూసినట్టే, అతని ఒరను, బెల్టును కూడా చూడండి. అధికారి ఎదుట తుపాకీని భద్రంగా ఖాళీ చేసి చూపించమనండి, రెండు నిమిషాల పని. పోలీసు ఫైరింగ్ రేంజిలో లైసెన్సుదారులకు, రుసుము తీసుకునే సరే, నెలకో పూట కేటాయించండి. మూడు, ఐదు, ఏడు మీటర్ల దూరంలో, హామర్ ఎక్కించకుండా, నెమ్మదిగా కాల్చడం నేర్పితే చాలు. ఇంట్లో ఖాళీ తుపాకీతో, డమ్మీ తూటాలు పెట్టి, ముందు సైటు మీద రూపాయి బిళ్ల నిలిపి, అది పడకుండా ట్రిగ్గర్ లాగే సాధన ఎవరైనా చేసుకోవచ్చు. అసలు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. .22 రకాలతో ఈ సాధన వద్దు, సిలిండర్లోని ఖాళీ గది అంచుకు తగిలి, తూటాను పొడిచే ఫైరింగ్ పిన్ పాడవుతుంది.

మరొకటి. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చినప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేయమని పిలుపు వస్తే తుపాకీని ఒరతో సహా అప్పగించి వచ్చేస్తుంటారు. ఒర ఇంట్లోనే ఉంచండి. తుపాకీని శుభ్రం చేసి, గొట్టం లోపల, గదుల్లో నూనె గుడ్డ తిప్పి, పొడి గుడ్డలో చుట్టి ఇవ్వండి. రసీదులో తుపాకీ నంబరుతో పాటు తూటాల సంఖ్య కూడా రాయించుకోండి. తిరిగి తెచ్చుకున్న రోజు గొట్టంలోకి వెలుతురు పెట్టి చూడకుండా తూటా నింపవద్దు.

ఇట్లు,
తుపాకుల మరమ్మతు తెలిసిన ఒక పాఠకుడు,
చిత్తూరు.