సౌమ్య చదువు విషయమై నాన్నగారికి ఉత్తరం

కాన్సాస్ సిటీ,
నవంబరు 2025

పూజ్యులైన నాన్నగారికి,

మీ అమ్మాయి లావణ్య నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమంగా ఉన్నాను. అక్కడ మీరు, అమ్మ, నాయనమ్మ, తమ్ముడు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో ఎంతసేపు మాట్లాడినా అన్నం తిన్నావా, చలి ఎలా ఉంది అన్న దగ్గరే సమయం అయిపోతున్నది. పైగా స్పీకరు పెట్టి నలుగురూ వింటూ ఉండగా బాబాయి పొలం సంగతి నేను ఎత్తలేను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నా పని ఎప్పటిలాగే సాగుతున్నది, అందులో కొత్తగా చెప్పవలసినది ఏమీ లేదు.

సౌమ్యను నాలాగే ఫార్మకాలజీ, టాక్సికాలజీ, అంటే మందుల శాస్త్రం, విషాల శాస్త్రం చదవడానికి అమెరికా పంపాలని బాబాయి నిశ్చయించుకున్నారని, అందుకోసం చెరువు కింద ఎకరం బేరం పెట్టారని తమ్ముడు చెప్పాడు. లావణ్య ఒక్క రూపాయి అప్పు లేకుండా చదువుతున్నప్పుడు సౌమ్యకు మాత్రం ఎందుకు సాగదు అని అన్నారట. నేను వచ్చినది పీహెచ్.డీ.కి. నా ఫీజు విభాగమే భరిస్తుంది, నెల నెలా స్టైపెండు ఇస్తుంది, బదులుగా అయిదేళ్లో ఆ పైనో ప్రయోగశాలలో పని చేయించుకుంటుంది. హైదరాబాదు కన్సల్టెన్సీ వారు సౌమ్యకు చూపిస్తున్నది ఎం.ఎస్. అందులో ఫీజు మొత్తం మన జేబులోనుంచే పోతుంది. ఈ రెండు చదువులకూ పేరు ఒకటే కావడం వల్ల బాబాయి రెండింటినీ ఒకే గాటన కడుతున్నారు.

ఉద్యోగం దొరకకపోతే మెడికల్ షాపులోనైనా చేరుతుందిలే అని పిన్ని అనుకుంటున్నారట. ఈ డిగ్రీతో ఇక్కడ మందుల దుకాణంలో నిలబడే అర్హత రాదు. విదేశీ ఫార్మసిస్టులకు పెట్టే అర్హత పరీక్షకు, 2003 జనవరి 1 తరువాత పట్టా పొందినవారైతే, అయిదేళ్ల ఫార్మసీ చదువు ఉండాలి. మన నాలుగేళ్ల బి.ఫార్మసీ దానికి సరిపోదు. ఈ సంగతి కన్సల్టెన్సీ వారు చెప్పరు, మనం అడిగితే తప్ప.

అలాగని ఉద్యోగాలే లేవని నేను అనడం లేదు. కొత్త మందును మనిషికి ఇవ్వడానికి ముందు అది ఏ మోతాదు వరకు హాని చేయదో, ఏ మోతాదులో ఏ అవయవాన్ని పట్టుకుంటుందో తేల్చవలసిన పని ప్రతి ఔషధ సంస్థలోనూ ఉంటుంది. ఆ పనిని కాంట్రాక్టుపై చేసిపెట్టే సంస్థలు ఉన్నాయి. పురుగుమందులు, రంగులు, సౌందర్య సాధనాలు తయారుచేసేవారికీ టాక్సికాలజిస్టు కావాలి. మా ఊరికి ఇంకొక అనుకూలత కూడా ఉన్నది. కాన్సాస్‌లోని మన్‌హాటన్ నుంచి మిస్సోరిలోని కొలంబియా దాకా పశువుల మందుల సంస్థలు వరుసగా ఉండడంతో ఈ ప్రాంతానికి యానిమల్ హెల్త్ కారిడార్ అనే పేరు వచ్చింది. మా సీనియర్లు కొందరు అక్కడే కుదురుకున్నారు. ప్రభుత్వ సంస్థలలో ఉద్యోగాలు మాత్రం చాలావరకు పౌరసత్వం ఉన్నవారికే. ఈ వృత్తిలో అందరూ గౌరవించే అమెరికన్ బోర్డు ఆఫ్ టాక్సికాలజీ పరీక్ష రాయాలంటే పీహెచ్.డీ. ఉన్నవారికి మూడేళ్ల అనుభవం చాలు, ఎం.ఎస్. వారికి ఏడేళ్లు కావాలి. వీసా సంగతి మీకు తెలిసినదే. చదువు అయ్యాక మొదట పన్నెండు నెలలు, మన సబ్జెక్టు స్టెమ్ అనే సైన్సు, సాంకేతిక చదువుల జాబితాలో ఉన్నది కనుక మరో ఇరవైనాలుగు నెలలు పనిచేయనిస్తారు. ఆ తరువాత ఏటా ఇచ్చే 85,000 హెచ్-1బి ఉద్యోగ వీసాల కోసం లాటరీ. విదేశం నుంచి కొత్తగా ఉద్యోగిని రప్పించుకోవాలంటే లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబరులో ఉత్తర్వు కూడా వచ్చింది. ఇంత అనిశ్చితి మీద ఎకరం పొలం పెట్టడం నాకు సమ్మతం కాదు.

నేను బయలుదేరేటప్పుడు విషాల చదువు చదివి ఏమి చేస్తావని మీరు అన్నారు. ఆ మాట ఎవరన్నా ఊరుకునేదాన్ని, పురుగుమందుల కొట్టు నడిపే మీరు అంటే మాత్రం కష్టంగా అనిపించింది. మన కొట్టులో ప్రతి డబ్బా మీద వజ్రాకారపు గుర్తు, దాని కింది సగంలో ఎరుపో, పసుపో, నీలమో, ఆకుపచ్చో ఉంటుంది కదా. చదువురాని రైతుకు ఎరుపు గుర్తును వేలితో చూపించి, చేతులకు తొడుగులు వేసుకోమని, గాలికి ఎదురుగా కొట్టవద్దని మీరు చెప్పి పంపడం చూస్తూ నేను పెరిగాను. ఆ రంగును నిర్ణయించేది ఎలుకలలో సగం చనిపోయే మోతాదు. నోటి ద్వారా ఇచ్చినప్పుడు అది కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపు అయితే ఎరుపు, 500 వరకు పసుపు, 5,000 వరకు నీలం, ఆ పైన ఆకుపచ్చ. ఈ కొలతను 1927లో ట్రెవన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ప్రతిపాదించినది డిజిటాలిస్, ఇన్సులిన్ వంటి మందుల బలాన్ని సరిపోల్చడానికి. పొలంలో మందు కొట్టి వచ్చిన మనిషికి చూపు మసకబారి, చెమటలు పట్టి, నోటి వెంట చొంగ కారుతూ ఉంటే మీరు ఆటోలో ఎక్కించి గుంటూరు పంపేవారు. అక్కడ అట్రోపిన్ ఎందుకు ఎక్కించేవారో, నరాల సందేశాన్ని ఆపవలసిన ఎంజైమును ఆ పురుగుమందు ఎలా కట్టిపడేస్తుందో నేను ఇక్కడ తెలుసుకున్నాను. మిరపకు నల్లతామర పురుగు వచ్చిన ఏడాది అరువులు వసూలు కాకపోయినా నా ఫీజు ఆపని మీకు, నా చదువు మన కొట్టుకు దూరమైనది కాదని చెప్పాలనిపించింది.

అమ్మకు చెప్పనని మాట ఇస్తే ఒక సంగతి రాస్తాను. నా పని ఎలుకలతో. పారాసెటమాల్ ఎక్కువైతే కాలేయం ఎలా దెబ్బతింటుందో చూడడానికి వాటికి రాత్రంతా మేత ఆపి, ఉదయం మందు ఇచ్చి, కొన్ని గంటల తరువాత చంపి కాలేయాన్ని తీసి చూడాలి. మొదట్లో ఆ రోజులలో నాకు అన్నం సహించేది కాదు. ఇప్పుడు తింటున్నాను, అయితే చేతులు మాత్రం ఎక్కువసేపు కడుక్కుంటాను. ఎన్ని ఎలుకలు కావాలో, అంతకన్న తక్కువతో ఎందుకు సాధ్యం కాదో ముందుగా కమిటీకి రాసి అనుమతి తీసుకోవాలి. సగం జంతువులను చంపి లెక్కవేసే పాత పరీక్షను ఓ.ఇ.సి.డి. అనే దేశాల ఆర్థిక సహకార సంస్థ 2002లోనే తన మార్గదర్శకాల నుంచి తీసివేసింది. కొత్త మందులకు జంతు పరీక్షలు తప్పనిసరి అన్న నిబంధనను అమెరికా 2022 డిసెంబరులో చట్టం చేసి సడలించింది. మా గురువుగారి వయసు వారికి ఇది బెంగగా ఉన్నది గాని నాకు ఊరటగా ఉన్నది. సౌమ్య ఏ దేశంలో చదివినా మానవ కణాలతో చేసే పరీక్షలు, గణాంకశాస్త్రం, కంప్యూటరు మీద అంచనా వేసే పద్ధతులు నేర్చుకోవాలి. రాబోయే ఉద్యోగాలు అటువైపే ఎక్కువగా ఉంటాయని నా నమ్మకం.

ఎలుకల ప్రస్తావన వచ్చింది కనుక అమ్మ మాత్రల గురించి. మోకాళ్ల నొప్పికి 650 బిళ్ల వేసుకోవడంలో తప్పు లేదు, అయితే జలుబు చేసిన రోజున వేరే జలుబు బిళ్ల కూడా వేసుకుంటుంది, అందులోనూ పారాసెటమాలే ఉంటుంది. పెద్దవారికి రోజుకు నాలుగు గ్రాములు గరిష్ఠ పరిమితి, అమ్మ అందులో సగానికి మించకుండా మీరు చూడండి. మోతాదు మీరినప్పుడు కాలేయంలో పుట్టే విషపదార్థాన్ని గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం పట్టి ఉంచుతుంది, అది ఖర్చయిపోయాక కాలేయ కణాలు చనిపోవడం మొదలవుతుంది. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఎనిమిది గంటల లోపు ఇస్తే దాదాపు అందరూ కోలుకుంటారు, కాని మొదటి రోజు పెద్దగా బాధ తెలియకపోవడం వల్ల మనవాళ్లు ఆసుపత్రికి వెళ్లరు. పెద్దమ్మ కీళ్లవాతానికి వేసుకునే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పూసి, ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. ఆ డబ్బా మీద మందు వేసుకోవలసిన రోజు పేరు పెద్ద అక్షరాలతో రాసి అంటించమని తమ్ముడికి చెప్పండి. అది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన మందు. పెద్దమ్మకు ఈ సంగతి చెబితే డాక్టరు మాట కన్న శ్రద్ధగా వింటుంది.

నా పెళ్లి గురించి అమ్మ తమ్ముడితో అనిపించిన మాటలు చేరాయి. చదువు పూర్తికాకుండా దేశం మారే సంబంధం చూడవద్దు. ఇక్కడే ఉన్న అబ్బాయి అయితే వివరాలు పంపండి, మాట్లాడతాను. నేను మొండిదానినని మాత్రం అనుకోవద్దని చెప్పండి. షానీలో ఉన్న గుడికి పండుగలకు వెళుతున్నాను, ఒంటరిగా లేను.

సౌమ్యకు నేను చెప్పే దారి ఇది. ఎం.ఫార్మసీ ప్రవేశ పరీక్ష జీప్యాట్, అందులో అర్హత వస్తే నైపర్ (జాతీయ ఔషధ విద్యా పరిశోధన సంస్థ) వారి ప్రవేశ పరీక్ష రాయనివ్వండి. ఆ పరీక్షలో మంచి ర్యాంకు వస్తే బాలానగర్‌లోని నైపర్‌లో ఫార్మకాలజీ, టాక్సికాలజీలో చేరవచ్చు, ఇంటికి నాలుగైదు గంటల దూరంలో ఉంటుంది. చదివాక శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో పరీక్షలు చేసే సంస్థలు ఉన్నాయి. మన దేశం 2011 నుంచి ఓ.ఇ.సి.డి. పరస్పర ఆమోద వ్యవస్థలో పూర్తి సభ్యత్వం పొందింది కనుక, గుర్తింపు పొందిన ప్రయోగశాలలో హైదరాబాదులో చేసిన పరీక్ష ఫలితాన్ని ఇక్కడివారు కూడా అంగీకరిస్తారు. మందుల దుష్ఫలితాలను నమోదు చేసి విశ్లేషించే ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగాలు హైదరాబాదులో చాలా ఉన్నాయి. మొదట్లో జీతం తక్కువే, రాత్రి డ్యూటీలు కూడా ఉండవచ్చు, ఆ మాట పిన్నికి ముందే చెప్పాలి. రెండేళ్లు ప్రయోగశాలలో పనిచేసి, ఒకటో రెండో పత్రాలు ప్రచురించాక ఆమెకు ఇంకా రావాలని ఉంటే నేరుగా పీహెచ్.డీ.కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నిధుల కోత వల్ల ఈ ఏడాది ఇక్కడ చాలా విభాగాలు సీట్లు తగ్గించాయి, అప్పటికి పరిస్థితి మారవచ్చు. ఆమె ప్రయోగశాలలో ఓపికగా కూర్చోగలదో లేదో నాకంటే ఆమె కాలేజీ మాస్టారికే బాగా తెలుస్తుంది, బాబాయిని ఒకసారి వెళ్లి అడగమనండి.

ఇదంతా చదివి నేను ఇక్కడికి వచ్చి సౌమ్యకు దారి మూస్తున్నానని బాబాయి అనుకుంటారేమోనని భయంగా ఉన్నది. మీరు పక్కన కూర్చుని చదివి వినిపిస్తే అలా అనుకోరు. సౌమ్యను తన మార్కుల జాబితాలు, ప్రాజెక్టు రిపోర్టు నాకు పంపమనండి, ఆదివారం ఉదయం మీ సమయానికి తనతో విడిగా మాట్లాడతాను. కన్సల్టెన్సీ వారి కాగితం మీద సంతకం పెట్టకముందు నాకు ఫొటో తీసి పంపాలి. పొలం మీద బయానా మాత్రం సంక్రాంతి దాకా తీసుకోవద్దని బాబాయికి మీ మాటగా చెప్పండి.

నాయనమ్మకు, అమ్మకు నా నమస్కారాలు. తమ్ముడికి ఆశీస్సులు.

ఇట్లు,
మీ కుమార్తె
లావణ్య