మేనమామలు చిన్నప్పుడే పోయారా అని ఐదేళ్ళదాకా ఎవరూ అడగలేదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో వానాకాలం ఇమ్యూనిటీ పెంచే కషాయాలు అని వేశారు కదండీ, అది చదివాక రాయాలనిపించింది. తప్పు పట్టడానికి కాదు, మిరియాలు అల్లం పసుపు మేమూ కాచుకుని తాగుతాం. కానీ మా మనవడి విషయంలో ఇంటికి ఎవరొచ్చినా ఇదే సలహా, "గుంటడికి ఇమ్యూనిటీ తక్కువ, ఇది పట్టండి అది పట్టండి" అని, మేమూ అలాగే పట్టాం, అసలు వాడి ఒంట్లో లోపం ఏంటో తెలిసేసరికి వాడికి ఐదో ఏడు వచ్చేసింది.

నేను రిటైరై గోపాలపట్నంలో ఉంటున్నాను. వాడు మా పెద్దమ్మాయి కొడుకు. పుట్టగానే అందరికీ వేసినట్టే ఎడం భుజానికి బీసీజీ (టీబీ రాకుండా వేసే టీకా) వేశారు, మూడో నెలలో ఆ చంకలో బిళ్ళ కట్టి పగిలి నెలల తరబడి కారింది. ఏడాది దాటాక మెడ మీద గడ్డ, కోసి చీము తీశారు. తర్వాత లివర్లో చీముగడ్డ. మధ్యలో టీబీ అయ్యుంటుందని ఆరు నెలలు మందులు. ఒక్కో గడ్డకి ఒక్కో డాక్టరు, ఒక్కో ఫైలు. ఆ ఫైళ్ళన్నీ ఒకచోట పెట్టి చూసినవాళ్ళు లేరు, మేం కూడా పెట్టలేదు.

ఐదో ఏడు సంక్రాంతికి మాడుగుల దగ్గర మా ఊరు తీసుకెళ్ళాను. నేనే పట్టుబట్టి తీసుకెళ్ళాను. కళ్ళంలో పాత గడ్డివాము ఉంది, పిల్లలంతా దాని మీంచి దూకడం, అడుగున తడిసి బూజు పట్టిన గడ్డి లాగి ఒకళ్ళ మీద ఒకళ్ళు విసురుకోవడం, మూడు రోజులు అదే ఆట, నేను అరుగు మీద కూర్చుని చూసి సంబరపడ్డాను. కనుమ వెళ్ళి వారం కాలేదు, వీడికి జ్వరం, ఆయాసం, స్కానింగ్‌లో రెండు ఊపిరితిత్తులూ తెల్లగా అయిపోయాయి. మిగతా పిల్లలకి తుమ్ము కూడా రాలేదు. అప్పుడు ఐసీయూలో ఒక చిన్న డాక్టరమ్మ మా ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని "అమ్మా, మీ పుట్టింట్లో మగపిల్లలు ఎవరైనా చిన్నప్పుడే పోయారా" అని అడిగింది.

మా ఆవిడ అన్నదమ్ములు ఇద్దరు పోయారు, ఒకడు మూడేళ్ళకి, ఇంకొకడు ఆరేళ్ళకి, 1960ల్లో. ఇద్దరికీ ఒంటినిండా గడ్డలే. ఊళ్ళో దిష్టి అన్నారు, ఆ ఇంటికి మగపిల్లలు దక్కరన్నారు, మా అత్తగారు ఆ మాట పడుతూనే పోయింది.

ఆ మర్నాడే కాస్త రక్తం తీసి డీహెచ్‌ఆర్ అనే పరీక్షకి పంపారు. జబ్బు పేరు క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్, సీజీడీ అంటారు. రెండు లక్షల పైచిలుకు పుట్టుకల్లో ఒకరికి వస్తుందట. నాకు అర్థమైనట్టు చెప్తాను. మన తెల్ల రక్తకణం క్రిమిని మింగి, లోపల ఆక్సిజన్‌తో ఒక ఘాటైన మందు లాంటిది తయారుచేసి దాన్ని చంపుతుంది. వీడి కణాలు మింగుతాయి, కానీ ఆ మందు తయారవ్వదు. ఆ డీహెచ్‌ఆర్ పరీక్ష చూసేది అదే. కొన్ని రకాల బ్యాక్టీరియా, బూజు వాటి లోపలే బతికేస్తాయి, ఇంకా ఇంకా కణాలు వచ్చి చుట్టూ ముద్ద కడతాయి, ఆ ముద్దల్నే గ్రాన్యులోమా అంటారు. క్రిమి లేకపోయినా వాపు తగ్గదు, పేగుల్లో వస్తే రక్త విరేచనాలు, పొట్ట దగ్గర వస్తే తిన్నది కిందకి దిగదు. 1950ల్లో అమెరికాలో డాక్టర్లు దీన్ని మొదట గుర్తించినప్పుడు పేరులోనే పిల్లల ప్రాణాంతక జబ్బు అని పెట్టారట. ఇప్పుడలా కాదు. రోజూ బ్యాక్టీరియా రాకుండా కోట్రైమాక్సజోల్, ఫంగస్ రాకుండా ఇట్రాకొనజోల్ వాడుకుంటూ పెద్దవాళ్ళై ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు ఉన్నారు, ఎముక మజ్జ మార్పిడి కుదిరితే జబ్బే పోవచ్చు. మావాడికి అక్కది మ్యాచ్ కాలేదు, బయట దాత కోసం చూస్తున్నారు.

ఎక్కువమందిలో ఇది తల్లి ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా కొడుక్కి వస్తుంది. రిపోర్టు వచ్చాక మా అమ్మాయిని అత్తింట్లో అన్న మాటలు ఇక్కడ రాయను. తను కావాలని ఇచ్చిందా, తనకే తెలీదు. ఇంకో రకం ఉంది, దానికి లోపమున్న జీన్ అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు వైపులా రావాలి, మన ఉత్తరాంధ్రలో మేనరికాలు ఎంత మామూలో మీకు తెలుసు కాబట్టి మా వైపు ఎవరూ అలా పోలేదు అని తేలిగ్గా తీసుకోకండి.

మీ హెల్త్ పేజీలో దయచేసి ఇది రాయండి. లోపలి అవయవాల్లో చీముగడ్డ కట్టినా, గడ్డలు మళ్ళీమళ్ళీ వస్తున్నా, బీసీజీ వేసిన వైపు చంక బిళ్ళ మానకపోయినా డీహెచ్‌ఆర్ గురించి డాక్టర్‌ని అడగమని చెప్పండి. బీసీజీ చెడ్డదని కాదు, అందరు పిల్లలకీ వేయించాల్సిందే, ఇంట్లో ఇలాంటి చరిత్ర ఉన్న బిడ్డకి మాత్రం పరీక్ష అయ్యేదాకా ఆపాలి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఈ జబ్బు మొదటి గ్రూపులో (ఒకసారి చేసే చికిత్సతో నయం కాగలవాటిలో) ఉంది, కేంద్రం సాయం 2022లో 50 లక్షల దాకా పెంచారు, ఆ సంగతి మాకు చెప్పినవాళ్ళు లేరు. దానికి గుర్తించిన ఆసుపత్రుల్లో హైదరాబాద్ నిమ్స్ ఒకటి. డీహెచ్‌ఆర్‌కి తీసిన రక్తం నిలవ ఉండదు, ఒకటి రెండు రోజుల్లో పరీక్ష జరిగిపోవాలి, అందుకే వైజాగ్ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో ఈ సాంపిల్ తీసి పంపే ఏర్పాటు ఉంటే శ్రీకాకుళం, పాడేరు నుంచి వచ్చే తల్లులకి ఎంత మేలో ఆలోచించండి.

మా చిన్నమ్మాయికీ పరీక్ష చేయించాం, తనకీ ఆ జీన్ ఉంది. సంబంధాలవాళ్ళకి ముందే చెప్పేశాం. ఒకళ్ళు వెళ్ళిపోయారు. ఇంకొకళ్ళు డాక్టర్ దగ్గరికి మాతో పాటు వచ్చి కూర్చుని అన్నీ అడిగి ఒప్పుకున్నారు, ఫిబ్రవరిలో పెళ్ళి. బిడ్డ పుడితే బీసీజీకి ముందు రక్తం పంపాలని, ఎక్కడికి పంపాలో ఫోన్ నంబరుతో సహా కాగితం మీద రాసి అబ్బాయి చేతికే ఇచ్చాను.

ఇట్లు
ఒక తాతయ్య, గోపాలపట్నం, విశాఖపట్నం